ద్రుతకాలంలో లిథియం

గ్రాఫైట్ నల్లనిది. పెన్సిల్ ముల్లుగా బడిపిల్లల చేతిలో అరిగినప్పుడూ నలుపే, కంసాలి మూసగా నిప్పుల్లో కూర్చున్నప్పుడూ నలుపే. ఆ నలుపులోకి లిథియం కొద్దికొద్దిగా చేరుతుంటే ముందు ముదురు నీలం తేలుతుంది. ఇంకాస్త చేరితే రాగి ఎరుపు. పూర్తిగా నిండితే పుత్తడి రంగు. ఫోను ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ దాని బ్యాటరీ లోపల ఈ రంగులు వరసగా విచ్చుకుంటాయి. వాడుకుంటున్నంతసేపూ బంగారం ఎరుపై, ఎరుపు నీలమై, నీలం మళ్ళీ నలుపులోకి దిగిపోతుంది. ఈ వర్ణక్రమాన్ని కోట్ల మంది జేబుల్లో పెట్టుకు తిరుగుతున్నారు. కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం ల్యాబుల్లో పనిచేసే కొద్దిమందే.

నాకు ఆ దర్శనం తార్నాక ప్రాంతంలోని ఒక ల్యాబులో దొరికింది. గ్లవ్ బాక్స్ అంటారు, ఆర్గాన్ వాయువు నింపిన అద్దాల పెట్టె. లోపల తేమగానీ ఆక్సిజన్‌గానీ పది లక్షల్లో ఒక వంతు కూడా ఉండకుండా చూసుకుంటారు. పెట్టె గోడకు బిగించిన నల్ల రబ్బరు తొడుగుల్లోకి మోచేతుల దాకా చేతులు దూర్చి, ఒక పరిశోధక విద్యార్థిని కాయిన్ సెల్ విప్పుతోంది. ఇరవై మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న స్టీలు బిళ్ళ అది. "సార్, జెర దగ్గరికి రండి. అద్దంలకెల్లి చూడుండ్రి. బయటికి తీస్తే గాలి తగిలి రంగు పోతది" అంది. చూశాను. రాగి రేకు మీద పూసిన గ్రాఫైట్ పూత బంగారంలా నిలిచి ఉంది. పూతలో ఒక అంచున ఎర్రటి చార, దాని పక్కన నీలి మరక. ఆ అంచుకు లిథియం పూర్తిగా అందలేదని ఆమె వివరించింది. అద్భుత రసానికి విస్మయం స్థాయీభావమని పుస్తకాల్లో చదువుకున్న నాకు, ఆ మాట మొదటిసారి ఒంటికి పట్టింది.

రంగు ఎందుకు మారుతుందో తెలిస్తే అందం తరిగిపోతుందని కొందరు భయపడతారు. నాకు పెరిగింది. లిథియం తనకున్న ఒకే ఒక్క బయటి ఎలక్ట్రాన్‌ను కార్బన్ పొరలకు అప్పగించి లోపల చేరుతుంది. ఆ ఎలక్ట్రాన్లు పొరల్లో పోగవుతున్న కొద్దీ, ఏ వెలుగును మింగాలి, ఏ వెలుగును తిప్పి పంపాలి అన్న హద్దు జరుగుతూ పోతుంది. ఉత్త గ్రాఫైట్ దాదాపు అన్ని రంగులనూ మింగుతుంది కనక నలుపు. ఆ హద్దు కంటికి కనిపించే వెలుగులోకి అడుగుపెట్టాక, అది ఒక్కో రంగును ఏరి మనకు తిప్పి ఇస్తుంది. పన్నెండు కార్బన్లకు ఒక లిథియం ఉంటే ఎరుపు, ఆరింటికి ఒకటైతే బంగారం. ఎంత ఛార్జ్ ఎక్కిందో మీటరు లేకుండా రంగును బట్టి చెప్పవచ్చు. అలంకారం అంటే ఇలా ఉండాలి. తీసేస్తే అర్థం కూడా దాంతోపాటు పోవాలి.

రంగు కన్నా లోతైన అందం అమరికలో ఉంది. గ్రాఫైట్ తమలపాకుల దొంతర వంటిది. పొర లోపల కార్బన్ పరమాణువులు షట్కోణాల జాలిగా గట్టిగా అల్లుకుని ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య పట్టు మాత్రం పలచన. లిథియం పొర ముఖంలోంచి దూరలేదు, అంచుల నుంచే రావాలి. వచ్చిన లిథియం అన్ని సందుల్లోనూ తలా కాస్త సర్దుకోదు. సందు తెరవడానికి శక్తి ఖర్చవుతుంది, అందుకని తెరిచినదాన్ని నింపి పక్క సందును వదిలేస్తుంది. నీలం దశలో మూడు నాలుగు సందులకు ఒకటి నిండుతుంది. ఎరుపులో ఒకటి విడిచి ఒకటి. బంగారంలో అన్నీ. ల్యాబు వాళ్ళు వీటిని స్టేజీలు అంటారు. 1969లో డోమా, ఎరోల్డ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దీనికి ఇంకా సొగసైన చిత్రం ఇచ్చారు. వాళ్ళు చెప్పిన ప్రకారం ఏ సందూ ఆసాంతం ఖాళీగా ఉండదు. ప్రతి సందులోనూ లిథియం దీవులు దీవులుగా ఉంటుంది, కార్బన్ పొరలు ఆ దీవుల మీదుగా వంగి ఒదుగుతాయి. ఒక స్టేజీ నుంచి మరో స్టేజీకి మారడానికి లిథియం పొరలను చీల్చుకుని దాటనక్కర్లేదు, తన సందులోనే అటూ ఇటూ జరిగితే చాలు.

మామూలు గ్రాఫైట్‌లో పై పొర షట్కోణం కింది పొర షట్కోణానికి సరిగ్గా మీద ఉండదు, ఓ పక్కకు జరిగి ఉంటుంది. లిథియం రాగానే పొరలు జారి షట్కోణం మీద షట్కోణం నిలుస్తాయి. ఆ రెంటి నడుమ లిథియం కూర్చుంటుంది. ప్రతి మూడు షట్కోణాల్లో ఒకదానికే లిథియం, మిగతా రెండూ ఖాళీ. పొరల మధ్య ఎడం 3.35 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 3.7కు పెరుగుతుంది. లిథియం వెళ్ళిపోతే పొరలు తిరిగి పాత ఒద్దికకు జారిపోతాయి. వందలసార్లు, వేలసార్లు ఇలా జరిగినా కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య బంధం తెగదు.

ఈ అమరికను అర్థం చేసుకుంటున్నప్పుడు నాకు రాయప్రోలు సుబ్బారావు గారు తలపుకొచ్చారు. ఉస్మానియాలో తెలుగు ఆచార్యులుగా పనిచేసిన కవి, 'రమ్యాలోకం' పేరుతో కావ్యసౌందర్యాన్ని పద్యాల్లో చర్చించిన లాక్షణికులు. అమలిన శృంగారమన్న భావనను ఆధునిక తెలుగు కవిత్వంలో నిలిపింది ఆయనే. దేహసంబంధాన్ని దాటిన ప్రేమ, ఒకరి వల్ల ఒకరు మాసిపోని ప్రేమ. అలాంటిది లోకంలో ఎక్కడుందని అడిగినవాళ్ళు చాలామందే. రసాయనశాస్త్రం అతిథి, ఆతిథేయి అని పిలిచే జంటల్లో ఉందని నేను చెబుతాను. అతిథి వస్తుంది, తన ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది, ఉంటుంది, వెళుతుంది. ఆతిథేయి తన అల్లిక చెదరకుండా చోటిస్తుంది. ఛార్జయ్యే బ్యాటరీ అన్నది మొత్తంగా ఈ మర్యాద మీదే నిలబడి ఉంది.

రాయప్రోలు పాఠం చెప్పిన విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. దాని ఆర్ట్స్ కాలేజీ గులాబీ గ్రానైట్ భవనం 1939 నాటిది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ చెయ్యి ఉన్న ఆ కట్టడంలో మొనదేలిన తోరణాలూ, దక్కన్ గుళ్ళను తలపించే స్తంభాలూ ఒకదాన్నొకటి చెడగొట్టకుండా నిలిచాయి. ఆ క్యాంపస్ దాటి తార్నాక చౌరస్తాకు వస్తే ఉప్పల్ వైపు రోడ్డంతా పరిశోధనశాలలే. 1944లో నిజాం రాజ్యంలో పుట్టి, తర్వాత ఆర్‌ఆర్‌ఎల్‌గా ఎదిగి, 1989లో ఐఐసీటీ పేరు పెట్టుకున్న రసాయన పరిశోధన సంస్థ ఒకటి. పాతకాపులు దాన్ని ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే పిలుస్తారు. ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ అన్నీ ఆ చుట్టుపక్కలే. తెలుగు శాఖ నుంచి ఆ ప్రహరీలకు నడిచి వెళ్ళొచ్చు. అంత దగ్గరలో ఉండీ మన రసవిమర్శ ఆ రోడ్డు దాటలేదు. శిల్పాన్నీ, సంగీతాన్నీ, సినిమా పాటనూ ఆస్వాదించి రాసిన మనం ఒక స్ఫటికాన్ని ఆస్వాదించి రాయలేదు. ఇది నాకు పెద్ద లోటుగా తోస్తుంది.

చౌరస్తాలో ఈనాటి అవసరం వేరే రూపంలో నిలబడి ఉంది. ఎలక్ట్రిక్ ఆటో నడిపేవాడికి ఛార్జింగ్ పెట్టినంతసేపూ గిరాకీ పోయినట్టే. డెలివరీ కుర్రాడికి స్కూటరు ఆగితే ఆర్డరు చెయ్యి జారుతుంది. అందుకని ఇప్పుడు ప్రపంచమంతా ఆనోడ్‌ను, అంటే ఛార్జింగ్‌లో లిథియాన్ని చేర్చుకునే గ్రాఫైట్ వంటి పదార్థాన్ని, ఒకే ప్రశ్న అడుగుతోంది: ఎంత తొందరగా నిండగలవు? ల్యాబు భాషలో దీని కొలత సీ రేటు. వన్ సీ అంటే గంటలో నిండటం. సిక్స్ సీ అంటే పది నిమిషాలు. టెన్ సీ అంటే ఆరు నిమిషాలు.

కచేరీలో పల్లవిని మూడు కాలాల్లో పాడతారు. విలంబంలో గాయకుడి భావం తెలుస్తుంది, ద్రుతకాలంలో అతని నిగ్రహం తెలుస్తుంది. గొంతు పరుగెత్తుతున్నా ప్రతి స్వరం తన స్థానంలో నిలిచిందా లేదా అన్నదే రసికుడు కనిపెట్టుకుని చూస్తాడు. ఆనోడ్ విషయంలోనూ చూడవలసింది అదే. వేగం దానంతటది అందం కాదు. వేగంలో రూపం చెదరకపోవడం అందం.

గ్రాఫైట్ విలంబంలో మహాగాయకుడు, ద్రుతంలో తడబడతాడు. ఎందుకో చూద్దాం. బ్యాటరీ లోపలి ద్రవమైన ఎలక్ట్రోలైట్‌లో లిథియం అయాను ఒంటరిగా ప్రయాణించదు. దాదాపు నాలుగు ద్రావణి అణువులు దాన్ని చుట్టుముట్టి ఉంటాయి. గ్రాఫైట్ అంచుకు వచ్చేసరికి ఆ పరివారాన్నంతా వదిలి ఒంటరిగా లోపలికి వెళ్ళాలి. ఆ వదిలించుకోవడానికి సమయం పడుతుంది. అంతకుముందు దారి కూడా సుగమం కాదు. పూతను రోలర్ల కింద నొక్కినప్పుడు గ్రాఫైట్ రేకులన్నీ బల్లపరుపుగా పడుకుంటాయి. తెరిచి ఉన్న అంచులు పక్కలకు తిరిగి ఉంటాయి, రావలసిన లిథియమేమో పైనుంచి వస్తుంది. రేకు చుట్టూ తిరిగి, మరో రేకు చుట్టూ తిరిగి, వంకర సందుల్లోంచి అంచును వెతుక్కోవాలి.

గుమ్మం దగ్గర ఇంకో పొర ఉంది. దాని కథ నాకు ఎంతో ఇష్టం. 1980ల దాకా గ్రాఫైట్‌ను బ్యాటరీకి పనికిరానిదిగానే చూశారు. ప్రొపిలీన్ కార్బొనేట్ అనే ద్రావణి లిథియంతోపాటు తానూ పొరల్లో దూరి గ్రాఫైట్‌ను రేకులు రేకులుగా ఊడదీసేది. ఆ దశకం మొదట్లో రషీద్ యాజమీ అనే శాస్త్రజ్ఞుడు ఘన ఎలక్ట్రోలైట్ వాడి, లిథియం గ్రాఫైట్‌లోకి వెళ్ళి రాగలదని చూపించాడు. 1985లో అకిరా యొషినో గ్రాఫైట్‌ను పక్కనపెట్టి పెట్రోలియం కోక్‌తో బ్యాటరీ కట్టాడు. 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది కూడా గ్రాఫైట్ కాని కార్బన్‌తోనే. గ్రాఫైట్‌ను గద్దెనెక్కించింది ఇథిలీన్ కార్బొనేట్. ప్రొపిలీన్‌కూ దీనికీ తేడా ఒక్క మిథైల్ గుంపు, అంటే ఒక కార్బన్, దాన్ని అంటిపెట్టుకున్న హైడ్రోజన్లు. ఆ కాస్త తేడాతో కథ తిరగబడింది. మొదటి ఛార్జింగ్‌లో ఇథిలీన్ కార్బొనేట్ కొంత విరిగి, ఆ విరిగిన ముక్కలే గ్రాఫైట్ మీద సన్నని పూతగా గట్టిపడతాయి. ఎస్‌ఈఐ పొర అని దాని పేరు. అది లిథియాన్ని దాటనిస్తుంది, ఎలక్ట్రాన్‌నూ ద్రావణినీ ఆపేస్తుంది. తన విధ్వంసంలోంచే తన రక్షణ పుట్టించుకున్న పదార్థం ఇది. ఒక్క అక్షరం మారిస్తే పద్యం నిలబడటం మనకు తెలుసు. ఒక్క మిథైల్ తీసేస్తే ఒక నాగరికత నిలబడింది.

ఇథిలీన్ కార్బొనేట్ దాదాపు 36 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చలికాలం సీసాలో గడ్డకట్టి ఉండేది, ఏసీ లేని గదిలో పెడితే హైదరాబాద్ మే నెల ఎండకు దానంతటదే నీరవుతుంది. పుస్తకంలో అంకెగా చదివినదాన్ని ఇక్కడి ఎండ చేతికిచ్చి చూపిస్తుంది.

ఇప్పుడు ద్రుతకాలం అందుకుంటే ఏం జరుగుతుంది? గ్రాఫైట్ పనిచేసే వోల్టేజీ లిథియం లోహానికి కేవలం 0.1 వోల్టు ఎగువన. తొందరగా తోస్తే ఆ చిన్న ఎడం చెరిగిపోతుంది. లోపలికి వెళ్ళే తీరిక దొరకని లిథియం గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటుంది. రేకు అంచు బంగారమైపోయినా నడిమి ఇంకా నలుపుగానే ఉంటుంది, పైన వెండి రంగు మొలుస్తుంది. వర్ణక్రమంలో లేని ఆ వెండి అపస్వరం. అందులో కొంత తిరిగి రాదు, బ్యాటరీ బలం తరిగిపోతుంది. సూదులుగా పెరిగితే మధ్యలోని తెరను పొడిచి, రెండు ఎలక్ట్రోడ్‌లను కలిపి మంటకు దారితీయగలదు. చలిలో ఈ బెడద ఇంకా ఎక్కువ. కార్లూ ఫోన్లూ ఎనభై శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదించడానికి ముఖ్య కారణం ఇదే. నిండబోతున్న గ్రాఫైట్‌కు కాలం తగ్గించి పాడమని సర్క్యూటే చెబుతోంది.

గ్రాఫైట్‌ను ద్రుతానికి సాధన చేయించేవాళ్ళు ఉన్నారు. 2016లో జూరిచ్ పరిశోధకులు గ్రాఫైట్ రేకులకు అయస్కాంతానికి స్పందించే నలుసులు అంటించి, తడి పూత మీద అయస్కాంత క్షేత్రం ప్రయోగించి, పడుకున్న రేకులను నిలువునా లేపారు. అంచులన్నీ లిథియం వచ్చే దిక్కుకు తిరిగాయి. పదార్థంలో ఒక్క పరమాణువు మార్చకుండా కేవలం భంగిమ మార్చి వేగం సాధించడం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. లేజరుతో పూతలో సన్నని బావులు తవ్వే పద్ధతి కూడా ఉంది, మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళది. ఫలితం మంచిదే. కానీ అయస్కాంతం చేసిన పనిలో ఉన్న సున్నితత్వం లేజరులో నాకు కనిపించలేదు.

ద్రుతకాలానికే పుట్టిన పదార్థం లిథియం టైటనేట్. ల్యాబుల్లో ఎల్‌టీఓ అంటారు. తెల్లటి పొడి, చూపుకు ముగ్గుపిండికీ దానికీ తేడా తెలియదు. టైటానియం డయాక్సైడ్‌నూ లిథియం కార్బొనేట్‌నూ మెత్తగా నూరి, ఫర్నేస్‌లో ఎనిమిది వందల డిగ్రీల ప్రాంతంలో కాలిస్తే వస్తుంది. ఆ వేడికి లిథియం కొంత ఆవిరైపోతుంది కనక చేయి తిరిగినవాళ్ళు దాన్ని కాస్త ఎక్కువ వేస్తారు. మామూలు కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఆగేట్ రోలూ, మఫిల్ ఫర్నేసూ ఉంటే చాలు, విద్యార్థి తన చేతులతో చేసుకోగలడు.

1995లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఒహ్‌జుకు, ఆయన సహచరులు దీన్ని వర్ణించడానికి సున్నా వికృతి (జీరో స్ట్రెయిన్) పదార్థం అన్నారు. ఒక్కో ఫార్ములాకు మూడు లిథియంలు వచ్చి చేరినా స్ఫటికం ఘనపరిమాణం మారేది 0.2 శాతమే. గ్రాఫైట్ పది శాతం దాకా ఉబ్బుతుంది. ఆక్సిజన్ల మధ్య టైటానియంలు కట్టిన త్రిమితీయ చట్రం ఇది, లిథియానికి ఏ దిక్కు నుంచైనా దారి ఉంది. కొత్త లిథియం వచ్చినప్పుడు అప్పటిదాకా చిన్న గదుల్లో ఉన్న పాత లిథియం కూడా లేచి, అందరూ కలిసి వేరే గదుల్లోకి మారతారు. పాతవాళ్ళను అలాగే కూర్చోబెట్టి కొత్తవాళ్ళను ఇరికించడం లేదు. లోపల ఇంత కదలిక ఉన్నా బయటి రూపం దాదాపు చెదరదు. సంచారీభావాలు ఎన్ని పోయి వచ్చినా స్థాయి నిలిచి ఉండటమంటే ఇదే.

ఛార్జయితే ఎల్‌టీఓ తెలుపు విడిచి చిక్కటి నీలమవుతుంది. లిథియం ఇచ్చిన ఎలక్ట్రాన్లు ఒక టైటానియం నుంచి మరో టైటానియానికి గెంతుతూ వెలుగులోని ఎర్ర భాగాన్ని మింగడం వల్ల వచ్చే రంగు అది. ఇంద్రనీలమణిలోనూ ఇలాంటి గెంతే నీలాన్ని ఇస్తుంది, అక్కడ ఇనుముకూ టైటానియానికీ నడుమ. రంగు మారగానే గుణం కూడా మారుతుంది. తెల్లగా ఉన్నప్పుడు విద్యుత్తును సరిగా పోనివ్వని పొడి, నీలం ఎక్కగానే పోనిస్తుంది. అంటే తనకు అడ్డమైన దోషాన్ని పాట మొదలైన కొద్దిసేపట్లో తానే దిద్దుకుంటుంది.

ఒక చిక్కుముడి చాలాకాలం మిగిలింది. నిండిన ఎల్‌టీఓలోనూ ఖాళీ ఎల్‌టీఓలోనూ లిథియం కదలిక మందకొడిగానే ఉంటుందని కొలతలు చెప్పేవి. మరి మొత్తం మీద అంత వేగం ఎక్కడిది? 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన జవాబు చెప్పింది. ఖాళీ, నిండు ప్రాంతాలు కలుసుకునే సరిహద్దులో లిథియం గదులు కాస్త వంకరపోయి, గోడను పంచుకుని ఉంటాయి. ఆ వంకర గదుల వరసలో లిథియం ఎక్కువ ఖర్చు లేకుండా గెంతుతుంది. వేగం తెలుపులోనూ లేదు, నీలంలోనూ లేదు. తెలుపు నీలమవుతున్న అంచున ఉంది. ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వనిని వాచ్యార్థంలో వెతకవద్దన్నాడు. ఈ స్ఫటికం రసాన్ని కూడా దాని రెండు రూపాల్లో దేన్లోనూ వెతికి లాభం లేదు.

ఎల్‌టీఓ మీద పెద్ద ఆక్షేపణ ఉంది, అది న్యాయమైనదే. గ్రాఫైట్ గ్రాముకు 372 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటలు) ఛార్జ్ దాచుకుంటే ఇది 175 దగ్గర ఆగిపోతుంది. లిథియం లోహానికి 1.55 వోల్టుల ఎగువన పనిచేస్తుంది కనక వెండి పేరుకునే ప్రమాదం దాదాపు లేదు, ఎస్‌ఈఐ బెడద తక్కువ, రాగి రేకు బదులు తేలికైన అల్యూమినియం రేకు వాడవచ్చు. కానీ ఆ భద్రతకు మూల్యంగా సెల్ వోల్టేజీ రెండున్నర లోపే ఉంటుంది. అదే బరువుకు కారు తక్కువ దూరం వెళుతుంది. ధర కూడా ఎక్కువే. నా ఆస్వాదన మాత్రం దీని దగ్గరే నిలిచింది. మోహన రాగానికి ఐదు స్వరాలే. తోడికున్న విస్తారం దానికి లేదని ఎవరూ తక్కువ చెయ్యరు. ఉన్న ఐదింటినీ ఏ కాలంలోనైనా నిర్మలంగా పలికించగలదు కనకే అది పసిపిల్లల జోలపాటకూ, పండితుల కచేరీకీ చెల్లింది. ఊరంతా తిరిగి అదే డిపోకు వచ్చే బస్సుకు దూరం కన్నా తొందరగా నిండటం ముఖ్యం. తోషిబా 2008 నుంచి ఇలాంటి సెల్స్ అమ్ముతోంది.

హైదరాబాద్ ఈ పదార్థానికి పరాయిది కాదు. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఎల్‌టీఓను మిల్లింగ్ పద్ధతిలో పెద్ద ఎత్తున తయారు చెయ్యడం మీద పనిచేసి పేటెంటు పొందింది. ఆ సంస్థకు సారథిగా పనిచేసిన టాటా నరసింగరావు అంతకుముందు జపాన్‌లో టైటానియం డయాక్సైడ్ మీద పరిశోధన చేశారు. 2000లో అకిరా ఫుజిషిమా, డొనాల్డ్ ట్రిక్‌లతో కలిసి ఆ పదార్థం వెలుగు సాయంతో చేసే రసాయన క్రియల మీద ఆయన రాసిన సమీక్ష ఆ రంగంలో అందరూ చదివేది. టైటానియం మన నేలలోనూ ఉంది. భీమునిపట్నం తీరపు ఇసుకలో నల్లగా మెరిసేది ఇల్మెనైట్, ఇనుమూ టైటానియమూ కలిసిన ఖనిజం. తూర్పు కనుమల ఖోండలైట్ శిలల్లో గ్రాఫైట్ రేకులు పొదిగి ఉంటాయి. కొండలో ఒక ఆనోడ్, కడలి ఒడ్డున మరో ఆనోడ్, రెండూ మన ఉత్తరాంధ్రలోనే.

సిలికాన్ గురించి చెప్పకపోతే ఈ రంగంలోని యువకులు ఒప్పుకోరు. అది గ్రాఫైట్‌కు దాదాపు పదింతలు లిథియం పట్టగలదు. కానీ అతిథిని చేర్చుకోవడానికి తన బంధాలన్నీ తెంపుకుంటుంది, మూడింతలకు పైగా ఉబ్బుతుంది, పగిలి పొడవుతుంది. 2013లో 'కెమికల్ రివ్యూస్'లో ఎం.వి. రెడ్డి, జి.వి. సుబ్బారావు, బి.వి.ఆర్. చౌదరి రాసిన ఆనోడ్ పదార్థాల సమీక్ష ఈ రంగంలో చేతి పుస్తకం వంటిది. సింగపూర్ నుంచి వెలువడిన ఆ వ్యాసం మీది పేర్లు మన చెవికి ఇంటి పేర్లలా వినిపిస్తాయి. ఆనోడ్‌లో లిథియం చేరే తీరులు స్థూలంగా మూడు: పొరల్లోనో చట్రం సందుల్లోనో ఒదగడం, మిశ్రలోహంగా కలిసిపోవడం, పదార్థాన్నే మార్చేసి కొత్త సమ్మేళనంగా తేలడం. చివరి రెంటిలో నిలవ ఎక్కువ, నిగ్రహం తక్కువ. వాటిని కొద్ది పాళ్ళలో గ్రాఫైట్‌కు కలపడం తెలివైన పనే. సౌందర్య దృష్టితో చూస్తే మాత్రం మొదటి తీరుకే నేను పీట వేస్తాను.

ఆ తీరులోనే ఎల్‌టీఓ లోటు తీర్చేవి కొన్ని వచ్చాయి. 2011లో బ్యాటరీ శాస్త్రజ్ఞుడు గుడెనఫ్ బృందం ముందుకు తెచ్చిన టైటానియం నయోబియం ఆక్సైడ్ సిద్ధాంతరీత్యా గ్రాముకు 388 ఎంఏహెచ్ పట్టగలదు, అంటే గ్రాఫైట్‌తో సమానం. 2018లో కేంబ్రిడ్జిలో కెంట్ గ్రిఫిత్, క్లేర్ గ్రే చూపిన నయోబియం టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఇంకా ఆశ్చర్యకరం. వేగం కోసం అందరూ పొడిని నానోమీటర్లకు నూరుతున్న రోజుల్లో, వాళ్ళు మైక్రోమీటర్ల పరిమాణంలోని ముతక పలుకులతోనే నిమిషాల్లో ఛార్జింగ్ సాధించారు. స్ఫటికంలోనే లిథియానికి విశాలమైన సొరంగాలు ఉన్నాయి, కనక పలుకు పెద్దదైనా పరుగు ఆగదు. నూరి నూరి చిన్నది చెయ్యడం పరిశ్రమ. పుట్టుకలోనే ఎడం కలిగి ఉండటం ప్రతిభ. నయోబియం ఖరీదు దాన్ని చౌరస్తా ఆటో దాకా ఎప్పుడు రానిస్తుందన్నది వేరే సంగతి.

ఒక వరస పెట్టమంటే వర్ణవైభవానికి గ్రాఫైట్, ప్రతిభకు నయోబియం టంగ్‌స్టన్ ఆక్సైడ్, నిగ్రహానికి లిథియం టైటనేట్. ద్రుతకాలానికి కావలసింది నిగ్రహం కనక నా తాంబూలం మూడో దానికే.

ఏటా సెప్టెంబర్ 26న ఐఐసీటీ వంటి ల్యాబులను నడిపే సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ సందర్భంగా తార్నాక, హబ్సిగూడ ప్రాంతంలోని ల్యాబులు విద్యార్థులకు తలుపులు తీస్తుంటాయి. అప్పుడు వచ్చేది ఎక్కువగా సైన్సు పిల్లలే. ఉస్మానియా తెలుగు శాఖ విద్యార్థులకూ, వాళ్ళ గురువులకూ నా మనవి ఒక్కటే. మీరూ వెళ్ళండి, బ్యాటరీ పదార్థాల ల్యాబు ఎక్కడుందో అడగండి, చూసినదాన్ని తెలుగులో రాయండి.